నీలం సున్నాలు

మైనం పట్టించిన దారాన్ని పళ్లతో కొరికి, ముడి మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, అతుకుల మామ ఆ పూట మూడో గుడారాన్ని ఒళ్లోంచి పక్కకు తోశాడు. తోస్తూనే నాలుగోదాన్ని లాక్కున్నాడు. మధ్యలో నడుం విరుచుకోవడం, కిటికీలోంచి బయటికి చూడడం, టీ వచ్చిందా అని అడగడం ఆయనకు అలవాటు లేదు. ముప్ఫై ఒక్కేళ్లుగా అదే బల్ల, అదే పీట, కుడి అరచేతికి అదే తోలుపట్టీ. నిజానికి పట్టీలు నాలుగు మారాయి. చెయ్యే మారలేదు. సూది తోసీ తోసీ అరచేతి మధ్యలో కాసిన కాయ మాత్రం ఏటేటా కాస్త పెరిగింది.

అది విహారాలకు వెళ్లేవాళ్లకు సామాను అద్దెకిచ్చే దుకాణం. ముందు గదిలో గుడారాలు, స్లీపింగ్ బ్యాగులు, వీపుసంచులు, తాళ్లు, చిన్న గ్యాసు పొయ్యిలు కొత్తపెళ్లికూతుళ్లలా వరసగా నిలబడి ఉంటాయి. జనం వాటిని నవ్వుతూ కొండలకూ సరస్సులకూ పట్టుకెళతారు. చిరిగి, కాలి, బురద కొట్టుకుని తిరిగొచ్చినవన్నీ వెనక గదికి చేరతాయి. వెనక గది మామది. ఊళ్లోవాళ్ల సరదా అంతా చివరికి ఆయన ఒళ్లోనే వచ్చి పడుతుంది. ఎవరు గుడారంలో సిగరెట్టు కాల్చారో, ఎవరి పిల్లల చేతికి చాకు దొరికిందో, ఏ జంట మేకులు కొట్టడం చేతకాక ఎంతలా పోట్లాడుకుందో గుడ్డ చూసి చెప్పగలడు. చెప్పడు. నోట్లో నాలుక లేని మనిషి.

తెల్లవారి నుంచి వాన పడుతోంది. ఆ ఏడాదికి అదే మొదటి పెద్దవాన. రేకుల కప్పు మీద అది జోరందుకున్నప్పుడల్లా మామ చెయ్యి సూది మీద కాస్త మందగిస్తోంది. రెండేళ్ల కిందటైతే ఇలాంటి పూట ఆయన ఇక్కడ ఉండేవాడు కాదు. భార్యను వెంటబెట్టుకుని ఏ ఏటి ఒడ్డునో ఉండేవాడు. ఇప్పుడు ఆమె మంచం మీద ఉంది, ఊపిరితిత్తులు చెడిపోయి. ఆమెను అలా చేసింది తానేనా అన్న ప్రశ్న రెండేళ్లుగా ఆయన చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఆమెనే అడగొచ్చు. అడిగితే ఏమంటుందోనని భయం. ఏమీ అనదేమోనని ఇంకా భయం.

కథ పాతది. దుకాణం పెట్టిన పెద్దాయన కొన్ని నియమాలు పెట్టాడు. కుట్టిన గుడారాన్ని కుట్టినవాడే తీసుకెళ్లి ఆరుబయట వేసి, అందులో పడుకుని చూడాలి. వానకు కారుతుందా, గాలికి నిలుస్తుందా, చలికి గుడ్డ పగులుతుందా చూడాలి. ఈ పని ఒంటరిగా అవదు. బయట ఒకరు తాళ్లు బిగిస్తూ ఉంటే, లోపల ఒకరు నీలం సుద్దముక్క పట్టుకుని కూర్చుని, చెమ్మ కనబడ్డచోటల్లా సున్నా చుట్టాలి. పొద్దున్నే చూస్తే తడిసిన గుడ్డ ఉబ్బిపోయి చిన్న చిల్లును మింగేస్తుంది, అది కంటికి దొరకదు. అందుకని పెద్దాయన ఒకటే మాట అనేవాడు: "కంటిని నమ్మకు, గీతను నమ్ము." సున్నా ఉంటే అతుకు పడాలి. అతుకు పడిన గుడారాన్ని వచ్చే రుతువులో మళ్లీ తీసుకెళ్లి చూడాలి. సున్నా లేకుండా తిరిగొస్తేనే దానికి మోక్షం.

పెళ్లయిన రెండో నెలలో, తనతో రావలసిన పనివాడు జ్వరం వచ్చి మంచం ఎక్కితే, మామ తన భార్యను అడిగాడు. అడగడమంటే, "సుద్ద పట్టుకుని కూర్చోవడమే, పెద్ద పనేం కాదు," అన్నాడు. ఆమె క్షణంలో చీర కుచ్చిళ్లు ఎగదోపి తయారైంది. దారిలో తినడానికి రొట్టె, నాలుగు ఉడకబెట్టిన గుడ్లు మూట కట్టింది. ఆఖరి బస్సు దిగి రెండు మైళ్లు బురదలో నడిచారు. ఆ మొదటిసారి గుడారం తెల్లారుజామున ఇద్దరి మీదా కుప్పకూలింది. అందులోంచి ఎలాగో పాకి బయటికొచ్చేసరికి ఎదురుగా అడవి కాపలాదారు లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంట్లోంచి పారిపోయి వచ్చారా?" అన్నాడు.

"అవునండీ, ఇద్దరం కలిసే పారిపోయాం," అంది ఆమె, జుట్టులోంచి నీళ్లు పిండుకుంటూ.

కాపలాదారు నవ్వాడు. మామ నవ్వలేదు. ఏ కుట్టు జారిందో వెతుక్కుంటున్నాడు.

అలా మొదలైంది. వానాకాలం ఏటి ఒడ్డు, చలికాలం సరస్సు, ఎండాకాలం గాలికొండ, ఆకురాలే కాలంలో అడవి అంచు. దుకాణం వ్యాను అటువైపు వెళితే అందులో, లేకపోతే బస్సులో. సరస్సు దగ్గర ఒక పొద్దున కుండలో నీళ్ల మీద మంచు తెట్టు కట్టింది. ఆమె దాన్ని పళ్లెంలా పైకి తీసి, అందులోంచి సూర్యుణ్ణి చూసి, "ఏమండీ, ఇటు రండి, ఒక్కసారి చూడండి," అని పిలిచింది. "గుడ్డ ఎలా ఉందో చూశావా, బిగిసిందా?" అన్నాడు ఆయన. ఆ పళ్లెం ఆమె చేతుల్లోనే కరిగిపోయింది.

గాలికొండ మీద ఒకసారి గుడారం మేకులతో సహా లేచిపోయింది. ఆమె చెప్పులు వదిలేసి, పడీ పడీ నవ్వుతూ దాని వెంట పరుగెత్తి పట్టుకొచ్చింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆయన ముందు గుడారాన్ని చూశాడు, తర్వాతే మోకాలిని చూశాడు. అడవి అంచున ఒక ఆవు ఎక్కడినుంచో వచ్చి, గుడారానికి బయటనుంచి ఆనుకుని పడుకుంది. ఆమె గుడ్డ ఇవతలినుంచి దాని వీపుకు తన వీపు ఆనించి, వెచ్చగా ఉందని కబుర్లు చెబుతూ కూర్చుంది. ఆయన ఆ బరువుకు అంచు కుట్టు ఎంతసేపు ఆగుతుందో లెక్కవేసుకుంటూ కూర్చున్నాడు. ఆమె లోకాన్ని చూసింది, ఆయన కుట్లు చూశాడు. ఒకే చోటికి వెళ్లి రెండు వేరే ప్రయాణాలు చేసొచ్చేవారు.

రెండో ఏడాది ఆమె ఒకసారి అడిగింది. "ఏమండీ, ఈసారి ఊరికే వెళదామా? గుడారం లేకుండా. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేద్దాం."

"ఊరికే ఎవరైనా వెళతారటే? పనీపాటా లేనివాళ్లు వెళతారు."

కోపంగా అన్న మాట కాదది. లోకంలో అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అయితే చెమ్మ పట్టుకోవడంలో మాత్రం ఆమెను మించినవాళ్లు లేకపోయారు. మిగతా పనివాళ్లు తెచ్చిన గుడారాలు చాలాసార్లు ఏ గుర్తూ లేకుండా తిరిగొచ్చేవి. మామ తెచ్చినవాటి లోపల ఒకటో రెండో నీలం సున్నాలు ఉండి తీరేవి. "మీ ఆవిడకు మేఘాలతో చుట్టరికం ఉందయ్యా," అనేవాడు పెద్దాయన. మామ పొంగిపోయేవాడు. సున్నా చుట్టినచోట అతుకు వేసి, వచ్చే రుతువుకు మళ్లీ బయల్దేరేవాడు. కూతురు పుట్టాక కూడా ఇది ఆగలేదు. రుతువుకో రెండు రోజులు పిల్లను అమ్మమ్మ దగ్గర దింపి వెళ్లేవాళ్లు. "మీ ఆవిడ కాలికి బలపం కట్టుకుంది అన్నా," అనేది స్లీపింగ్ బ్యాగులు ఉతికే ఆవిడ. ఆమె కాళ్లను తిప్పుతున్నది తన పనేనని మామ అనుకునేవాడు.

రెండేళ్ల కిందట ఆమెకు ఆయాసం ముదిరింది. డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో చూపించి, చల్లగాలి, చెమ్మ తగలకూడదన్నాడు. ఆ గది బయట వరండాలో కూతురు ఆయన్ను నిలబెట్టి అడిగింది. ఆమె బళ్లో టీచరు, నాలుగు వీధుల అవతల కాపురం.

"చిన్నప్పుడు మీరిద్దరూ వెళ్లినప్పుడల్లా అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని, వాన ఆగిపోవాలి వాన ఆగిపోవాలి అనుకునేదాన్ని. చలిలో, తడి నేల మీద అమ్మని పడుకోబెట్టి నీ గుడ్డలు పరీక్ష చేసుకున్నావు. గుడారాలకైతే అతుకులు వేశావు నాన్నా. అమ్మ ఊపిరితిత్తులకి ఎవరు వేస్తారు?"

మామ మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట మింగలేక కక్కలేక ఇంటికొచ్చాడు. అదే నెలలో, పెద్దాయన పోయాక దుకాణం చూసుకుంటున్న చిన్నాయన ఒక నీళ్ల తొట్టి కొన్నాడు. గుడ్డను చట్రానికి బిగించి ఒకవైపు నుంచి నీళ్లు ఒత్తిడితో పంపితే, చిల్లు ఉన్నచోట అవతలివైపు బొట్టు తేలుతుంది. పరీక్ష పది నిమిషాల్లో అయిపోతుంది. ఇక ఏటి ఒడ్లూ కొండలూ అక్కర్లేదు. మామ లోలోపల ఆ తొట్టికి దణ్ణం పెట్టుకున్నాడు. నిరుడు వానల్లో భార్య, "ఇప్పుడు గుడారాలు తీసుకెళ్లడం లేదా?" అని అడిగితే, "దుకాణం వాళ్లు ఒప్పుకోవడం లేదు," అన్నాడు. ఆమె తలూపి గోడవైపు తిరిగింది.

ఈ పొద్దున ఒక తమాషా జరిగింది. ఆయన చొక్కా వేసుకుంటుంటే ఆమె మంచం మీదనుంచి పిలిచింది. మంచం పక్క గోడ మీద, ఆమె చెయ్యి అందేంత ఎత్తులో, చిన్న పళ్లెమంత నీలం సున్నా ఉంది. చెయ్యి వణికిన చోటల్లా గీత వంకర పోయింది. పాత రేకు డబ్బాలోని సుద్దముక్క ఎప్పుడు అడిగి తెప్పించుకుందో మరి.

"ఇక్కడ కారుతోందండీ."

మామ వంగి, చేతి వెనకవైపు ఆనించి చూశాడు. చెమ్మ చూడాలంటే చెయ్యి వెనకవైపే నమ్మకం. "ఎక్కడే? పొడిగా ఉంటేను."

"తడిసింది చిల్లుని దాచేస్తుందని మీరే అనేవారు."

"అది గుడ్డ సంగతి. ఇది గోడ."

"అయితే ఏం? సున్నా చుట్టాక మళ్లీ వెళ్లి చూసుకోవద్దూ?" అని ఆయన ముఖంలోకి చూసింది. ఆయాసంలోనూ పెదవి చివర చిన్న నవ్వు.

"సరే, ఆదివారం కాస్త సిమెంటు పూస్తాలే," అని గొడుగు తీసుకుని బయల్దేరాడు. మతి కూడా తప్పుతోంది కాబోలు అనుకున్నాడు. దారంతా మనసు చేదుగా ఉంది.

మధ్యాహ్నం చిన్నాయన వెనక గదిలోకి వచ్చాడు. మనిషి మంచివాడే. నిలబడి మాట్లాడే ఓపికే ఉండదు.

"మామా, ఆ పాత కాన్వాసు గుడారాలు ఇంక ఎవరూ అడగడం లేదు. అతుకులు విప్పేసి, నేల మీద పరిచే పట్టాలుగా కోసెయ్యండి. ముందు ఆకుపచ్చది చూడండి. నేను వ్యానులో సామాను దింపి నాలుగింటికి వస్తా."

ఆకుపచ్చది అన్నిటికన్నా పాతది. ఆ మొదటిసారి ఇద్దరి మీదా కూలింది అదే. దాని మీద పదకొండు అతుకులు, అన్నీ మామ చేతివే. ఎంత దగ్గర కుట్లంటే, గోరు దూర్చి లేపబోతే గోరే విరుగుతుంది. చిన్న కత్తి మొనతో ఒక్కొక్క కుట్టూ తెంపసాగాడు. తన పని తానే చెడగొట్టుకోవడం ఆయనకు ఇదే మొదలు. ఒకటో అతుకు కింద నిప్పురవ్వ పడిన నల్ల చిల్లు. రెండోదాని కింద ఎలుక కొరికిన చిల్లు. మూడోది విప్పి చూస్తే ఏమీ లేదు.

కళ్లజోడు తుడుచుకుని బల్బుకు ఎదురుగా పట్టాడు. చుట్టూ తన సూది పొడిచిన సన్నని చిల్లులు నాలుగు వరసల్లో వెలిగాయి. మధ్యలో గుడ్డ నిండుగా, చీకటిగా ఉంది. నాలుగోది విప్పాడు. అక్కడా అంతే.

అప్పుడే ముందు గదిలో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. కాసేపటికి మళ్లీ మోగింది. చిన్నాయన లేడు, ఉతికే ఆవిడ పెరట్లో యంత్రం హోరులో ఉంది. ఫోను ఎత్తడం మామ పని కాదు. ముప్ఫై ఒక్కేళ్లలో ఒక్కసారి ఎత్తింది లేదు. తన ఫోను ఎటూ భార్య తలగడ దగ్గరే వదిలి వస్తాడు. మూడోసారి మోగినప్పుడు విసుక్కుంటూ ఐదో అతుకు విప్పాడు. ఫోను తనంతట తానే అలిసిపోయింది.

విప్పిన గుడ్డను తీసుకెళ్లి తొట్టి చట్రానికి బిగించి, నీళ్లు వదిలాడు. సూది చిల్లుల్లోంచి బొట్లు బారులు తీరి తేలాయి. మధ్యలో, ఒకప్పుడు నీలం సున్నా చుట్టిన చోట, చుక్క లేదు. ఒత్తిడి పెంచాడు. అయినా లేదు. ఆ గుడ్డ ఎన్నడూ కారలేదు.

మామ గుడారాన్ని మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. తర్వాత గబగబా మిగిలినవన్నీ విప్పేశాడు. పదకొండింటిలో నాలుగే నిజం చిల్లులు. ఏడు అతుకులు మంచి గుడ్డ మీద వేసినవి. ఏ దారం ఎప్పటిదో ఆయనకు తెలుసు. గోధుమరంగు దారం, మంచు పళ్లెం చూసిన చలికాలం తర్వాత వేసింది. ఆ అతుకు వల్లే ఎండాకాలంలో గాలికొండ ఎక్కారు. కొండ మీద సున్నాకు వేసింది నల్లదారం. దానివల్లే మళ్లీ ఏటికి వెళ్లారు. ఏటి దగ్గర సున్నా అడవికి తీసుకెళ్లింది. ఊరికే రానన్న మనిషికి ఆమె పని కల్పించింది. ఆయన పని ఉంటేనే కదులుతాడు కాబట్టి, ఏడాదికి నాలుగుసార్లు కారని చోట కారుతోందని అబద్ధమాడి, ఆ నీలం గీతలతో మొగుణ్ణి లోకమంతా తిప్పింది.

"దొంగముఖం!" అన్నాడు పైకే.

చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చిన ఉతికే ఆవిడ ఆగిపోయింది. "ఎవర్ని తిడుతున్నావు అన్నా?"

"మా ఆవిడని," అని మామ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె నిజంగానే భయపడింది. ఇన్నేళ్లలో ఆయన పళ్లు చూడడం అదే మొదటిసారి.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈమె అడిగింది, ఒకసారి కాదు, ముప్ఫై ఏళ్లు అడిగింది. తను అతుకులు వేశాడు. ఆమె పళ్లెంలోంచి సూర్యుణ్ణి చూడమంటే గుడ్డను చూశాడు. బతుకులో అందరూ మెచ్చుకున్న కుట్లన్నీ మంచి గుడ్డను పొడిచిన కుట్లే. ఇక రెండేళ్లుగా, కూతురి మాటకు బెదిరి, తన తప్పేదో కడుక్కుంటున్నానని చెప్పి ఆమెను గోడల మధ్య కూర్చోబెట్టాడు. అప్పుడు గోడ మీది సున్నా గుర్తొచ్చింది. ఇవాళ పొద్దుటిది. సిమెంటు పూస్తానన్నాడు! మామ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. తోలుపట్టీ చప్పుడు చేసింది.

నాలుగింటికి చిన్నాయన రాగానే ఎదురెళ్లాడు.

"బాబూ, ఇవాళ కాస్త ముందు వెళతాను."

"ఒంట్లో బాగాలేదా మామా?"

"బాగానే ఉంది. పనుంది." ఆఖరికి ఇప్పుడు కూడా ఆ మాటే వచ్చింది నోటికి. "ఆ ఆకుపచ్చ గుడారం ఒక్క రోజుకి ఇస్తారా?"

"ఎలాగూ కోసేదే కదా, ఉంచుకోండి. ఈ వానలో దాన్నేం చేసుకుంటారు?"

మామ అప్పటికే దాన్ని చుట్టి భుజానికెత్తుకున్నాడు. చేతిలో గొడుగు ఉందన్న సంగతే మరిచిపోయి అడ్డదారిన నడిచాడు. ఏటి ఒడ్డు దాకా వచ్చే ఓపిక ఆమెకు లేదు, నిజమే. తాముండే మేడ వాటా మీదే డాబా ఉంది. ఎక్కాల్సినవి పన్నెండు మెట్లే. అక్కడ వేస్తాడు. ఆమెను ఎత్తుకుని తీసుకెళతాడు. ఇప్పుడామె తడిసిన గుడారం కన్నా తేలిక. దుప్పట్లు నాలుగు కప్పుతాడు. కూతురు అరుస్తుంది, అరవనీ. జన్మలో ఒక్కసారి దానికి తను సమాధానం చెబుతాడు. ఎందుకు తెచ్చారని ఆమె అడిగితే, పరీక్షకని అనడు. ఊరికే అంటాడు. ఆ మాట నాలుక మీద రెండు మూడుసార్లు పలికి చూసుకున్నాడు, కొత్త చెప్పులు వేసుకున్నవాడు నాలుగడుగులు వేసి చూసుకున్నట్టు. మూలమీది కొట్లో రొట్టె, నాలుగు ఉడకబెట్టిన గుడ్లు కొన్నాడు. కాగితం పొట్లం చొక్కా లోపల పెట్టుకుంటే పొట్టకు వెచ్చగా తగిలింది.

ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి.

మెట్ల మీద కూతురు కూర్చుని ఉంది. ఆయన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూర్చుంది.

"మూడుసార్లు ఫోన్ చేశాను నాన్నా. ఎవరూ ఎత్తలేదు. ఆయన నీకోసం దుకాణానికి బయల్దేరారు, దారిలో కనబడలేదా?"

మామ ఆ చెప్పుల పక్కనే తన చెప్పులు విడిచాడు.

"వానకి బడికి సెలవిస్తే మధ్యాహ్నమే వచ్చాను. మూడింటికి మందు వేద్దామని లేపాను. లేవలేదు. నిద్రలోనే..." కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కిటికీ తెరవమంది. జల్లు కొడుతుందమ్మా అన్నా వినలేదు. తెరిచాకే నిద్రపోయింది."

ఆయన భుజం మీది బరువు దించి మెట్టు మీద పెట్టాడు. పైకి వెళ్లాడు. ఆమె గోడవైపు ముఖం పెట్టి లేదు. కిటికీవైపు తిరిగి ఉంది. నుదుటి మీద చెయ్యి వెనకవైపు ఆనించి చూశాడు. ఏం చూడాలనుకున్నాడో ఆయనకే తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కిందికి దిగేసరికి ముంగిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. దుకాణం దాకా వెళ్లి తిరిగొచ్చిన అల్లుడు, మెట్టు మీద గుడారం చూసి, దాన్ని విప్పి గేటుకూ గోడకూ మధ్య పందిరిలా కట్టేశాడు. కింద ఇరుగుపొరుగు వాళ్లు కూర్చున్నారు.

"సమయానికి తెచ్చారు మామయ్యా. లేకపోతే అందరూ తడిసేవాళ్లు," అన్నాడు అల్లుడు.

మామ తలెత్తి చూశాడు. నిప్పురవ్వ చిల్లులోంచీ, ఎలుక చిల్లులోంచీ, ఇంకో రెండు నిజం చిల్లుల్లోంచీ నీళ్లు ధారగా పడుతున్నాయి, అది సరే. మిగిలిన ఏడు చోట్లా సూది చిల్లుల్లోంచి బొట్లు నాలుగు వరసల్లో రాలుతున్నాయి. ఎన్నడూ కారని చోటల్లా కారుతోంది. ఆమె ఆడిన అబద్ధాలన్నిటినీ తన సూదే నిజం చేసింది.

పక్కింటాయన బట్టతల తుడుచుకుంటూ కుర్చీ జరుపుకున్నాడు. "పాతదిలా ఉంది. అతుకులు వేయించాలి."

"ఇంత వానలో దీన్ని ఎందుకు మోసుకొచ్చావు నాన్నా?" అంది కూతురు, వెనక నిలబడి.

"ఊరికే."

కూతురు ఆయన ముఖంలోకి చూసింది. తండ్రి నోట ఆ మాట ఆమె ఎన్నడూ విని ఉండదు. ఇంకేదో అడగబోయి, తడి గుడ్డ తీసుకుని పైకి వెళ్లింది. ఆయనా వెంటే వెళ్లాడు. ఎవరెవరో వచ్చి చూస్తారు కదా, గోడ మీద పిచ్చిగీతలు ఎందుకని ఆమె ఆ సున్నా తుడవబోయింది.

"వద్దు. ఉండనీ."

"ఏమిటిది?"

"అక్కడ కారుతోందంది."

కూతురు అరచెయ్యి ఆనించి చూసింది. "పొడిగానే ఉంది కదా నాన్నా."

"ఉండనీ అమ్మా. మీ అమ్మ సున్నా చుడితే మళ్లీ వెళ్లి చూడాలి." చొక్కా లోపల పొట్లం ఇంకా ఉందని అప్పుడు తెలిసింది. గుడ్లు చల్లారిపోయాయి.

కూతురు గుడ్డ కింద పడేసి ఏడవసాగింది. కిటికీ ఎవరూ మూయలేదు. దాని గట్టు మీద, మందుసీసా పక్కన, అరిగిపోయి గోరంత మిగిలిన నీలం సుద్దముక్క జల్లుకు తడుస్తోంది. దాని కింద సన్నని నీలం చార ఒకటి గట్టు దాటి, బయటివైపుకు పాకుతోంది.